నెల్లూరు జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ



మన తీరగ్రామాల ఆడవాళ్లు ఇంటిపనికని కువైట్ వెళ్తుంటారు. ముప్పై నిండనివాళ్లను అలా పంపకూడదని కేంద్రం నిబంధన. దాన్ని దాటించడానికే లైసెన్సు లేని ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెడతారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని వ్యభిచారంలోకి నెడితే, ఇక్కడ డబ్బు మోసం కేసుతో సరిపెట్టడం అన్యాయం. మనుషుల అక్రమ రవాణాను శిక్షించే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ పెట్టించండి. దోషికి కనీసం ఏడేళ్ల జైలు. 1983 వలస చట్టాన్నీ జతచేయండి. దాని కింద ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి కావాలన్న సాకు ఒప్పుకోకండి: బాధితురాలు గానీ, ఆమె తరఫున తల్లి, తండ్రి, భర్త, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే అది అక్కర్లేదని ఆ చట్టం 27వ సెక్షనే చెబుతోంది. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ఎస్‌ఐలకు ఈ సంగతి రాతపూర్వకంగా పంపండి. పరువుకు భయపడుతూనే స్టేషన్ మెట్లెక్కిన తల్లి దగ్గర మహిళా అధికారి చేతే ఫిర్యాదు రాయించండి.