ఒకటిన్నర మనిషి

సింహళుల మహావంశంలో ఒక ఘట్టం ఉంది. దుట్ఠగామణి రాజు తమిళ ప్రభువైన ఎలారుణ్ణి చంపి అనురాధపురం గెలుచుకొన్నాడు. గెలిచాడు గాని మనసుకు సుఖం లేదు; తన మూలాన ఇంత జనం నశించిందే అని కుమిలిపోయాడు. అప్పుడు ఎనమండుగురు అర్హతులు ఆకాశమార్గాన వచ్చి ఓదార్చారట. నీవల్ల చచ్చిన మనుషులు ఒకటిన్నర మందే: శరణాలు చెప్పినవా డొకడు, పంచశీలం పట్టినవా డొకడు, తక్కినవారు పరమతస్థులు, పశువులతో సమానం అన్నారట. చీమకు సైతం హాని తలపెట్టవద్దన్న ధర్మంలోకి ఈ ఓదార్పు ఏ దారిన వచ్చిందో! రాజుకు నిద్ర పట్టించడానికి మతాన్ని పిలిచినప్పుడల్లా ఇలాగే అవుతుందని మా అభిప్రాయం.

దీని ప్రక్కన అశోకుని లెక్క పెట్టి చూడండి. కళింగంలో లక్షమంది హతులైనారనీ, లక్షా ఏభైవేలమంది చెరపట్టబడ్డారనీ తానే రాతిమీద చెక్కించాడు. చచ్చినవారిలో తన మతంవారెవరు, కానివారెవరు అని విడదీయలేదు. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉంది. బరంపురంలోని మన సోదరులకు చేరువైన జౌగడ రాతిమీద మాత్రం లేదు. ఓడినవారి గడ్డమీద ఆ సంగతి ఎత్తలేదు. పశ్చాత్తాపం కూడ కాస్త రాజకీయం చూచుకొనే నడిచింది కాబోలు.

1956 బౌద్ధులకు పండుగ సంవత్సరం. తథాగతుని పరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండాయని ఇక్కడా, లంకలోనూ ఉత్సవాలు జరిపారు. అక్టోబరు 14న నాగపురంలో డాక్టర్ అంబేద్కరు లక్షలాది జనంతో బౌద్ధం స్వీకరించారు. ఊరి వెలుపల ఉంచబడ్డవారికి ఆ ధర్మం ఇక్కడ ఆసరా అయింది. అదే ఏడు జూన్‌లో లంక దిగువసభ సింహళమొక్కటే అధికారభాష అనే బిల్లును ఆమోదించింది. ప్రధాని బండారనాయకె 1957 జూలైలో తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందానికి వచ్చారు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ఆయన ఇంటి ముందు బైఠాయించగా దాన్ని రద్దు చేశారు. 1959 సెప్టెంబరులో ఆయన్ను కాల్చినవాడూ కాషాయం కట్టినవాడే! 1983 నుండి 2009 దాకా సాగిన యుద్ధాన్ని చదువరులు ఎరుగుదురు. అందులో పులుల చేతులూ శుభ్రమైనవి కావు. 1990లో ఉత్తర లంక నుండి ముస్లిములను, కట్టుబట్టలతో అన్నట్టే, వెళ్లగొట్టినది వారే. ఆ ముస్లిములు మాట్లాడే భాషా తమిళమే.

మరొక ముచ్చట చెప్పాలి. 1739 నుండి 1815 వరకు కాండీ నగరాన్ని ఏలిన నాయకరాజులు తెలుగు మూలాలు గలవారు. మధుర నాయకుల బంధువర్గం. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు పుట్టుకచేత శైవుడు. అయినా 1753లో సయాం దేశం నుండి భిక్షువులను రప్పించి, లంకలో అంతరించిన ఉపసంపదను మళ్లీ నిలబెట్టాడు. అంత చేసినా విభూతి పెట్టుకొనే పరాయివాడని 1760లో ఆయనపై కుట్ర జరిగింది. కుట్రదారుల్లో భిక్షువులూ ఉన్నారు. ఆ వంశంలో కడపటి రాజును ఇంగ్లీషువారు పట్టి తెచ్చి వేలూరులో ఉంచగా, 1832లో అక్కడే కన్నుమూశాడు.

ఇక మన సంగతి. లంకలో ఆ చట్టం వచ్చిన 1956లోనే మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే వసతులకు రాష్ట్రం ప్రయత్నించాలన్నది దాని సారం. ప్రయత్నించాలన్న మాట మెత్తనిదే. గట్టిగా అడిగేవారు లేకుంటే కాగితం మీదనే ఉంటుంది. మనం పొరుగు రాష్ట్రాలలో కొద్దిమందిమి గనుక ఆ అధికరణాన్ని కంఠస్థం చేశాము. మరి తెలుగు సీమలో మనవారే ఎక్కువమంది గదా. అక్కడి సవర పిల్లలకూ, కోయ, గోండు పిల్లలకూ, సరిహద్దు ఊళ్లలోని ఒరియా, కన్నడ, తమిళ పిల్లలకూ ఇదే అధికరణం వర్తిస్తుంది. ఆ మాట మన సభలలో ఎవరైనా ఎత్తగా మేము వినలేదు.

మీ ఊళ్లో తెలుగు బడి ఉంటే, పిల్లలెందరో, ఏ తరగతి దాకా ఉన్నదో, పంతులు ఉన్నాడో లేడో ఒక కార్డు వ్రాయండి. మన పల్లెల్లో చుట్టాలున్నవారు అక్కడి ఇతర భాషల పిల్లల సంగతి కూడ కనుక్కొని, అదే కార్డులో చేర్చ ప్రార్థన.