రాయ్‌పూర్ ఓపీలో అడగని ప్రశ్న

1937లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైకాలజీ’లో ఒక చిత్రమైన వ్యాసం అచ్చయింది. రాసినాయన డాక్టరు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, క్రైస్తవ సేవకని ఇండియా వచ్చి, గాంధీగారి ప్రభావంలో పడి, మైకల్ కొండల్లో కాపురం పెట్టి, చివరికి చర్చినీ వదిలేసిన వెరియర్ ఎల్విన్. కలల గురించి ఆ కొండల్లోని బైగా తెగవాళ్లు ఏమనుకుంటారు, వాళ్ల కలల్లో ఏది దేనికి గుర్తు అన్నది ఆ వ్యాసంలోని విషయం. వియన్నాలో ఫ్రాయిడ్ ఇంకా రోగుల కలలు వింటున్న రోజులవి. అదే కాలంలో ఇప్పటి మధ్యప్రదేశ్-ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో ఎల్విన్ బైగాల కలలు రాసుకున్నాడు.

ఆ అడవుల అంచున ఉన్న కవర్ధా నుంచి రాయ్‌పూర్‌కి బస్సులో కొద్ది గంటల ప్రయాణం. ఆ వైపు నుంచి మతి చెదిరినవాళ్లనీ, నిద్ర పట్టనివాళ్లనీ తీసుకొస్తే చేర్చేది రాయ్‌పూర్ జనం ‘మేకాహారా’ అని పిలుచుకునే అంబేడ్కర్ ఆస్పత్రికో, టాటీబంధ్‌లోని ఎయిమ్స్‌కో. అక్కడైనా, దేశంలో మరే సైకియాట్రీ ఓపీలోనైనా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయా, చచ్చిపోవాలనిపిస్తోందా. అన్నీ అడగవలసినవే. ‘ఏం కలలొస్తున్నాయి?’ అని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. బయట క్యూ చూస్తే డాక్టరుని తప్పుపట్టబుద్ధి కాదు. అయినా ఈ ప్రశ్న అడిగి తీరాలి. వచ్చిన జవాబుకి డాక్టరే అర్థం చెప్పేయాలన్న ఆత్రం మాత్రం పనికిరాదు.

ముందు అడగడం ఎందుకో చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో లక్షమందికి 12.4 ఆత్మహత్యలు జరిగితే, ఛత్తీస్‌గఢ్‌లో 28.2 జరిగాయి. పెద్ద రాష్ట్రాల్లో దానికి సాటి వచ్చేది కేరళ ఒక్కటే. ఫిన్లండ్‌లో 36,211 మంది మీద జరిపిన పరిశీలన ఒకటి 2001లో వెలువడింది. తరచూ పీడకలలు వస్తున్నాయని చెప్పినవాళ్లలో ఆత్మహత్య ముప్పు, అసలు రావన్నవాళ్ల కంటే రెట్టింపు పైచిలుకని అందులో తేలింది. పీడకలే చంపుతుందని దీనికి అర్థం కాదు. అది లోపలి పరిస్థితికి ఒక సూచన, దాన్ని పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు, నోటిమాట చాలు. పైగా చచ్చిపోవాలని ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి కూడా రాత్రి వచ్చిన కల చెప్పడానికి అంతగా జంకడు.

ఇక అర్థం చెప్పే ఆత్రం సంగతి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఆ పని చేసేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. బైగా అనేది ఇక్కడ ఒక తెగ పేరే కాదు, ఊరి భూతవైద్యుడినీ అలాగే పిలుస్తారు. గునియా, బస్తర్‌లో సిర్హా కూడా ఆ వరసలోవాళ్లే. కలలో ఫలానా ఆడమనిషి కనిపించింది, తెల్లారేసరికి పిల్లాడికి జ్వరం వచ్చింది అంటూ మొదలైన కబురు, అర్థం చెప్పేవాడి నోట్లో పడితే ఆ ఆడమనిషి ‘టోన్హీ’ అయి కూర్చుంటుంది. కల ఒకరిది, అర్థం ఇంకొకరిది, దెబ్బలు మూడో మనిషికి. ఇలా మంత్రగత్తె ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికే రాష్ట్రం 2005లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది.

తెలుగిళ్లలో ఈ వ్యవహారం ఇంత భయంకరంగా ఉండదు గానీ అలవాటు మాత్రం అదే. పళ్లు ఊడినట్టు కలొస్తే ఇంట్లో ఎవరో పోతారు, కలలో పెళ్లి కనిపిస్తే కీడు, ఇంకా ఏమైనా కావాలంటే పంచాంగంలో స్వప్నఫలాలు చూసుకోవచ్చు. లంకలో త్రిజట కల చెప్పి రాక్షస స్త్రీలను హడలగొట్టిన నాటి నుంచీ మనకు కల అంటే రేపటి కబురే. చిత్రమేమిటంటే మన పాత వైద్యులు ఇంత తేలిగ్గా నమ్మలేదు. చరకసంహిత కలలను ఏడు రకాలుగా విడదీసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, దోషాల వల్ల పుట్టేవి. వీటిలో మొదటి ఐదూ ఫలం లేనివని కొట్టిపారేసింది. రేపేం జరుగుతుందో చెప్పవు కాబట్టి చరకుడు పక్కన పెట్టిన ఆ ఐదింటినే, నిన్నేం జరిగిందో చెబుతాయని ఫ్రాయిడ్ ఏరుకున్నాడు. ముఖ్యంగా నాలుగోదాన్ని, కోరికని.

ఫ్రాయిడ్ కలల పుస్తకం 1899 నవంబరులో బయటికొచ్చింది. అట్టమీద మాత్రం 1900 అని వేశారు. అచ్చేసిన 600 ప్రతులూ అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అందులోని అసలు పద్ధతి చాలా వినయమైనది. కలను ముక్కలు చేసి, ఒక్కో ముక్క దగ్గరా ‘ఇది తలచుకుంటే నీకేం గుర్తొస్తోంది?’ అని కలగన్నవాడినే అడగాలి. పాము అంటే ఇది, మెట్లు అంటే అది అని పట్టిక చదవకూడదు. తర్వాతి ముద్రణల్లో ఫ్రాయిడే ఈ వినయం తగ్గించుకుని చిహ్నాల భాగం పెంచుకుంటూ పోయాడు. లోకానికి ఎక్కింది ఆ భాగమే. తెలుగులో బుచ్చిబాబు, గోపీచంద్ నవలల ద్వారా ఫ్రాయిడ్ మనకు ఆస్పత్రుల కంటే ముందే పరిచయమైనా, చాలామందికి మిగిలింది కూడా ఆ పట్టికే.

ఫ్రాయిడ్‌కి ఎదురు చెప్పినవాడు మన పక్కనే ఉన్నాడు. కలకత్తాలో 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌తో ఏళ్లతరబడి ఉత్తరాలు నడిపాడు. కలల మీద బెంగాలీలో ‘స్వప్న’ అనే పుస్తకం రాశాడు. తన భారతీయ రోగుల్లో కొన్ని భయాలు ఐరోపా రోగుల్లో ఉన్నంత బలంగా కనిపించడం లేదని 1929లో నేరుగా ఫ్రాయిడ్‌కే రాశాడు. గురువు చెప్పిన అర్థాన్ని రోగి మీద రుద్దకుండా, రోగి చెప్పినదాన్ని గురువు ముందు పెట్టాడు.

రాయ్‌పూర్ కూడా అనుకోకుండా ఈ చర్చలోకి వచ్చింది. 1877లో తండ్రి ఇక్కడ పనిమీద ఉండగా పిల్లవాడు నరేంద్రనాథ్, అంటే తర్వాతి వివేకానందుడు, ఈ ఊరికి వచ్చాడు. ఎడ్లబండి మీద వస్తూ కొండచరియలో పెద్ద తేనెపట్టు చూసి ఒళ్లు మరిచాడని జీవితచరిత్రలు చెబుతాయి. నిద్రపోయే ముందు కనుబొమల మధ్య వెలుగు కనిపించేదని ఆయనే చెప్పుకున్నాడు. నూరేళ్ల తర్వాత 1978లో మనోవిశ్లేషకుడు సుధీర్ కకర్ ‘ది ఇన్నర్ వరల్డ్’లో వివేకానందుడి మనసును ఫ్రాయిడ్ దారిలో విశ్లేషించాడు. చదవడానికి రసవత్తరంగా ఉంటుంది. కానీ ‘కాదు, నాకు గుర్తొచ్చేది అది కాదు’ అని చెప్పడానికి అవతల మనిషి లేడు. అలాంటి విశ్లేషణను సాహిత్యంగా చదువుకోవచ్చు, చికిత్స అనడం కష్టం.

కల నిజంగా మందులా పనిచేసిన చోటు చూడాలంటే రాయ్‌పూర్ నుంచి విజయనగరం వైపు రైలెక్కాలి. 1931లో పూర్తయిన ఆ లైను రాయగడ, పార్వతీపురం మీదుగా దిగుతుంది. దానికి తూర్పున కొండల్లో సవరలు ఉంటారు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు కూర్చిన భాష వాళ్లదే. సవరల మతం మీద 1955లో ఎల్విన్ పెద్ద పుస్తకమే తెచ్చాడు. అందులో ఒక ఆడపిల్ల వైద్యురాలయ్యే తీరు ఇలా ఉంటుంది. పాతాళలోకపు వరుడు కలలోకి వచ్చి పెళ్లి చేసుకోమంటాడు. ఆమె వద్దంటుంది. జబ్బు పడుతుంది, మనసు చెదురుతుంది. చివరికి ఒప్పుకుంటే అందరి ముందూ ఆ పెళ్లి జరుగుతుంది, ఆమె కోలుకుంటుంది. తర్వాత జీవితాంతం ఇతరుల జబ్బులు తనే చూస్తుంది. ఆ కలకి ఎవరూ గుప్తార్థం తీయలేదు. ఊరంతా విన్నది, ఆమెకు ఒక పని ఇచ్చింది.

1975 నుంచి సవరల మధ్య గడిపిన మానవశాస్త్రవేత్త పీర్స్ విటెబ్స్కీ మరో సంగతి రాశాడు. చనిపోయినవాళ్లు పూనకంలో ఉన్న వైద్యురాలి నోటి ద్వారా మాట్లాడతారు, బంధువులు వాళ్లతో వాదిస్తారు, ఏడుస్తారు, నిందలు తీర్చుకుంటారు. ఇది ఏళ్లతరబడి సాగుతుంది. మొదట్లో తన జబ్బునే బతికున్నవాళ్లకి అంటగట్టే చనిపోయిన మనిషి, నెమ్మదిగా శాంతించి, చివరికి కొత్తగా పుట్టిన పాపకి తన పేరిస్తుంది. విటెబ్స్కీ దీన్ని దుఃఖం గురించి ఫ్రాయిడ్ చెప్పినదాని పక్కన పెట్టి చూశాడు. ఫ్రాయిడ్ దృష్టిలో పోయినవాళ్లని వదులుకోవడమే కోలుకోవడం. సవరలు వదులుకోరు, మాట కలిపి బంధాన్ని మార్చుకుంటారు. ఇప్పుడు సవర యువకుల్లో చాలామంది క్రైస్తవం వైపో, హిందూ ఆచారాల వైపో వెళ్లిపోవడంతో ఈ సంభాషణలూ సన్నగిల్లుతున్నాయి.

ఇదంతా విని మందులు మానేసి కలలు చెప్పుకుందామనుకుంటే ప్రమాదం. అమెరికాలో రాఫెల్ ఓషెరాఫ్ అనే డాక్టరే తీవ్రమైన కుంగుబాటుతో 1979లో చెస్ట్‌నట్ లాడ్జ్ ఆస్పత్రిలో చేరాడు. ఏడు నెలలు మనోవిశ్లేషణ మాటలతోనే నెట్టుకొచ్చారు, మందు ఇవ్వలేదు. వేరే ఆస్పత్రికి మార్చి మందులిచ్చాక నెలల్లోనే కోలుకున్నాడు. ఆయన వేసిన దావా 1987లో రాజీతో ముగిసింది. ఇంకో ప్రమాదం కంటికి కనబడనిది. 1990ల చివర ఇటలీలో జులియానా మాత్సోని, ఎలిజబెత్ లాఫ్టస్ కలిసి విద్యార్థుల మీద పరీక్షలు చేశారు. ఏ కల చెప్పినా సరే, నిపుణుడొకరు ‘మూడేళ్ల వయసులోపు నువ్వు ఎక్కడో తప్పిపోయి ఉంటావు’ అన్నట్టు అర్థం చెప్పాడు. కొన్ని వారాల తర్వాత వాళ్లలో చాలామందికి అలాంటిది నిజంగా జరిగిందన్న నమ్మకం పెరిగింది. బైగా చేతిలో కల ఒక ఆడమనిషిని టోన్హీని చేస్తే, తెల్లకోటు చేతిలో అది జరగని బాల్యాన్ని సృష్టించగలదు. రెండో చోట దెబ్బలు తగలవు, అంతే తేడా.

కలలను పుట్టించేది మనసులోని కోరిక కాదు, మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలేనని 1977లో మనోవైద్యులు హాబ్సన్, మెకార్లీ అన్నారు. తర్వాత మార్క్ సోమ్స్, కోరికతో ముడిపడిన ముందరి మెదడు దారులు దెబ్బతిన్న రోగుల్లో కలలే ఆగిపోవడం చూపించాడు. ఆ తగువు ఇంకా తేలలేదు. ఓపీకి అది తేలేదాకా ఆగవలసిన అవసరమూ లేదు. లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది స్త్రీల మీద బారీ క్రాకో బృందం చేసిన పరీక్ష 2001లో అచ్చయింది. మెలకువగా ఉన్నప్పుడు కల కథను తమకు ఇష్టమైనట్టు మార్చుకుని, రోజూ కాసేపు దాన్ని మనసులో తిప్పుకోవాలి. మూడే సిట్టింగులు. పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. ఇది ఫ్రాయిడ్ దారి కాదు, అలవాటు మార్చే చికిత్స. అయినా ఇందులోనూ కల మార్చుకునే హక్కు రోగిదే.

దీనికి ఏళ్లతరబడి సోఫా మీద పడుకోనక్కర్లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఇప్పటికే ఛత్తీస్‌గఢ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు వీడియో ద్వారా మానసిక వైద్యంలో శిక్షణ ఇస్తూ వచ్చింది. దానికి ఒక పాఠం కలిపితే చాలు. కేసు షీటులో నిద్ర పక్కనే ‘కలలు’ అని ఒక గీత గీయాలి. పీడకల ఉందంటే ఎన్నాళ్లుగా, వారానికి ఎన్నిసార్లు అని అడగాలి, ఆత్మహత్య ఆలోచన గురించి మరింత నిదానంగా కదపాలి. మిగతాది సమయం ఉన్నప్పుడు సైకాలజిస్టు చూసుకుంటాడు.

ఒక్క చిక్కు ఉంది. గోండీలోనో, హల్బీలోనో, రైల్వే కాలనీ తెలుగింట్లో అయితే తెలుగులోనో వచ్చిన కలను ఓపీలో హిందీలో చెప్పించుకుంటే సగం పోతుంది. వెంట వచ్చిన భర్తో అత్తగారో దుబాసీగా కూర్చుంటే మిగతా సగం కూడా పోతుంది. అందుకని ఆ గీత నింపే పని రోగి భాష తెలిసిన నర్సుకో, మితానిన్ అనే ఊరి ఆరోగ్య కార్యకర్తకో అప్పగించడం మేలు. విన్నది విన్నట్టు రాయమని, అర్థం మాత్రం రాయొద్దని వాళ్లకి ముందే చెప్పాలి.