మన్ను రాసిచ్చిన సంతకం ఎవరిది?

ఇల్లు అమ్మాలంటే ఇంటివాడి సంతకం కావాలి. మరి దీవులకు దీవులే రాసిచ్చేటప్పుడు ఎవరి సంతకం కావాలి?

మారిషస్ కథే చూద్దాం. మన తెలుగు కూలీలను ఓడలెక్కించి చెరకు తోటలకు తోలుకుపోయిన దేశమది. 1965 సెప్టెంబరులో ఆ దేశ నాయకులను లండన్‌లో కూర్చోబెట్టి, చాగోస్ దీవులను విడగొట్టడానికి బ్రిటన్ ‘ఒప్పించింది’. అప్పటికి మారిషస్ బ్రిటన్ చేతిలోని వలస. స్వాతంత్య్రం ఇచ్చేదీ, ఆపేదీ ఎదురుగా కూర్చున్నవాడే. మారిషస్ నేత రాంగులాంను ఆశపెట్టి, భయపెట్టి దారికి తేవాలని ప్రధాని విల్సన్‌కు అధికారులు ముందుగానే నోట్ రాసిచ్చారు. దీవులకు కట్టిన వెల 30 లక్షల పౌండ్లు. తర్వాత 1973 నాటికి అక్కడి జనాన్ని పూర్తిగా వెళ్లగొట్టారు. డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం వెలిసింది. ఆ జనాన్ని అడిగిన దిక్కే లేదు.

‘మారిషస్ ఒప్పుకుంది కదా’ అని బ్రిటన్ దశాబ్దాల పాటు వాదించింది. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ వాదన నడుం విరిచింది. ఒక పక్షం రెండో పక్షం ఏలుబడిలోనే ఉన్నప్పుడు దాన్ని అంతర్జాతీయ ఒప్పందం అనలేమని చెప్పింది. దీవుల మీద పాలనను బ్రిటన్ త్వరగా ముగించాలన్నది. ఇది సలహా అభిప్రాయమే, కట్టిపడేసే తీర్పు కాదు. అయినా అదే ఏడాది మే 22న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 116 దేశాలు దానికి అండగా నిలిచాయి. బ్రిటన్ వైపు మిగిలిన ఓట్లు ఆరు.

ఈ సంగతి మాకెందుకు ముఖ్యమంటే, భూభాగాల ఒప్పందాలు మామూలు ఒప్పందాల వంటివి కావు. పరిస్థితులు మారాయన్న సాకుతో సరిహద్దు ఒప్పందం నుంచి తప్పుకోవడం కుదరదని 1969 వియన్నా ఒప్పందమే అంటుంది. అంటే ఒకసారి చెల్లిందా, తరాల పాటు మెడకు చుట్టుకున్నట్టే. కాబట్టి అడగవలసిన ప్రశ్న సంతకం నాడే అడగాలి. ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందా, గుంజుకున్నదా?

2025 మే 22న చాగోస్‌పై మారిషస్ సార్వభౌమత్వాన్ని అంగీకరిస్తూ బ్రిటన్ కొత్త ఒప్పందంపై సంతకం చేసింది. డీగో గార్సియా స్థావరానికి మాత్రం 99 ఏళ్ల గడువు రాసుకున్నారు. ఇద్దరు చాగోస్ మహిళలు కోర్టుకెక్కితే, ఆ రోజు లండన్ హైకోర్టు కొన్ని గంటలు సంతకాన్ని ఆపి, తర్వాత అడ్డు తొలగించింది. ఈసారి రెండు దేశాలూ స్వతంత్ర దేశాలే, కాబట్టి 1965 నాటి లోపం లేదు. కానీ ఊరు పోగొట్టుకున్నవాళ్లు ఈ కాగితం మీద కూడా సంతకందారులు కారు.

వలసపాలకుడి చేతిలోంచి దీవులు తిరిగి రావడాన్ని మేము స్వాగతిస్తున్నాం. అయితే దేశానికి న్యాయం జరిగితే సరిపోదు, ఆ మన్నులో పుట్టినవాళ్లకూ జరగాలి. భూమిని పటం మీద గీతగా చూసేవాడికి సంతకం చాలు. ఆ భూమిలో తాతముత్తాతల సమాధులున్నవాడికి మాట అడగాలి. ఆ మాట అడగని ఒప్పందం చట్టం ముందు నిలబడవచ్చు గానీ, ప్రజల ముందు నిలబడదు.