మనం చెప్పేవాళ్లం, మార్చేవాళ్లం కాదు

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అక్కడి విశ్వాసులకు కోలారు జిల్లాలో బంధువులుంటారు, కృష్ణగిరి జిల్లాలో వియ్యంకులుంటారు. పనుల కోసం రైలెక్కి బెంగళూరు వెళ్లి వచ్చేవారూ చాలామందే. అందరిదీ ఒకే బైబిలు, కానీ పొలిమేర దాటితే చట్టం మారుతుంది. తమిళనాడులో 2002లో మతమార్పిడి నిరోధక చట్టం తెచ్చి, 2004లో ఉపసంహరించుకున్నారు. కర్ణాటకలో 2022లో వచ్చింది. మతం మారదలచినవారూ, ఆ కార్యక్రమం జరిపించేవారూ ముప్పై రోజుల ముందే జిల్లా మెజిస్ట్రేటుకు తెలియజేయాలన్నది అందులో ఒక నిబంధన. బలవంతం, మోసం, ప్రలోభం లేవని రుజువు చేసుకోవలసిన భారం నిందితుడి మీదే పెట్టారు. దాన్ని రద్దు చేయాలని 2023 జూన్‌లో అక్కడి మంత్రివర్గం నిర్ణయించింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మదనపల్లె, పుంగనూరు, తంబళ్లపల్లె సంఘాల్లో ఒకే ప్రశ్న: 'అయ్యగారూ, ఇక సువార్త చెప్పొచ్చా, చెప్పకూడదా?'

చెప్పవచ్చు. మన రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికే కాదు, ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ 'ప్రచారం' అనే మాట ఊరికే రాలేదు. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో దాని మీద గట్టి చర్చ జరిగింది. తీసేయాలన్నవారున్నారు. ఉంచాలని వాదించినవారిలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి వంటి హిందూ నాయకులున్నారు. తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివినా తన మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని కృష్ణమాచారి సభకు చెప్పారు. మన హక్కు నిలబడటానికి ఆనాటి క్రైస్తవ ఉపాధ్యాయుల నడవడి కూడా సాక్ష్యంగా పనికొచ్చిందన్నమాట.

అయితే 1977లో రెవరెండ్ స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మత ప్రచారం హక్కులో ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు లేదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాజ్యాంగ నిపుణుడు హెచ్.ఎం. సీర్వాయి ఆ తీర్పును తీవ్రంగా తప్పుపట్టారు. విన్నవాడికి నచ్చి తన ఇష్టంతో మతం మార్చుకుంటే అది అతని స్వేచ్ఛే కదా అన్న వాదనలో బలముంది. మెజిస్ట్రేటు అనుమతి చూసుకుని మనస్సాక్షి మేల్కొనదు. భార్యాభర్తలు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నా ఫిర్యాదు చేసేవారు ఉన్న రోజుల్లో ఇలాంటి చట్టాలు పేదవాడికి చేసే హాని చిన్నది కాదు. అది కోర్టుల్లోనూ, శాసనసభల్లోనూ అడగవలసిన న్యాయం. అడగాలి కూడా.

కానీ కోర్టు మాట పక్కన పెట్టి మన వేదాంతాన్ని అడిగి చూద్దాం. ఒక మనిషిని మార్చే శక్తి మనకుందని బైబిలు ఎక్కడ చెప్పింది? పాపం గురించి ఒప్పింపజేసేది పరిశుద్ధాత్మ (యోహాను 16:8). ఒకడు నాటుతాడు, ఒకడు నీళ్లు పోస్తాడు, ఎదిగించేది దేవుడు (1 కొరింథీ 3:6). టమోటా నారు నాటిన మన రైతును అడిగితే ఈ సంగతి కమిటీ మెంబర్లకంటే బాగా చెబుతాడు. అతను కట్టెలు పాతుతాడు, దారం కడతాడు, మందు కొడతాడు. కాయ కాయించేది మాత్రం తానని అనడు. మనం మాత్రం వార్షిక నివేదికలో 'ఈ ఏడు ఇంతమందిని మార్చాం' అని రాసుకుంటాం, ఆ అంకెతో విరాళాలు అడుగుతాం. తర్వాత ఆ నివేదికే మన మీద సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రలోభం గురించి చట్టాలకంటే ముందు ప్రభువే మాట్లాడాడు. ఐదువేలమందికి రొట్టెలు పెట్టిన మర్నాడు జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఏ పాస్టరైనా మురిసిపోయే రోజది. రొట్టెలు తిని కడుపు నిండింది గనుకే మీరు వచ్చారని ఆయన మొహం మీదే అన్నాడు. మాట కఠినంగా ఉందని చాలామంది వెళ్లిపోయారు. వెంటపడి బతిమాలలేదు సరికదా, మీరు కూడా వెళ్తారా అని పన్నెండుమందినీ అడిగాడు (యోహాను 6). బియ్యం మూటతోనూ, స్వస్థత పోస్టరుతోనూ జనాన్ని పోగేసే కూడికలకు ఈ అధ్యాయం ఒకసారి చదివి వినిపించాలి.

అంతమాత్రాన సేవ మానేయమని కాదు. మన ప్రాంతం సంగతే చూడండి. 1863లో మదనపల్లె వచ్చిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ ఇక్కడ వైద్యం చేశారు, తెలుగు నేర్చి తెలుగు బైబిలు సవరణలో ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ ఏడాదే నిజాం రాజ్యంలో సువార్త యాత్ర చేస్తుండగా ఒక ఊళ్లో జనం రాళ్లు పట్టుకుని చుట్టుముట్టారు. కొట్టేముందు ఒక్క కథ వినమని అడిగి, సిలువ కథ చెప్పారట. రాళ్లు కింద పడేసి సువార్త పుస్తకాలు కొనుక్కున్నారని ఆయనే రాసుకున్నారు. 'కొనుక్కున్నారు' అన్న మాట గమనించాలి. 1915లో ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని పలు మిషన్లు కలిసి తెరిచాయి. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి మొదటి సూపరింటెండెంట్. 1948లో మన దేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకా వేయించుకోవడానికి ఏ ప్రార్థనా చేయనక్కర్లేదు. ఒక శాఖవారి కరపత్రాన్ని ఇంకో శాఖవారు చించే ఈ కాలంలో అన్ని మిషన్లు కలిసి ఒక ఆసుపత్రి నడిపాయంటే నమ్మబుద్ధి కాదు!

ఇక తిరుమల వివాదం నేపథ్యంలో 2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన చట్టం సంగతి. ఒక మతంవారి ప్రార్థన స్థలంలో మరో మతాన్ని ప్రచారం చేయకూడదన్నది దాని సారం. ఇందులో మనం బాధపడవలసింది నాకేమీ కనిపించదు. ఏథెన్సులో బలిపీఠాలు చూసుకుంటూ తిరిగిన పౌలు మాట్లాడింది సమాజమందిరంలో, సంతవీధిలో, పిలిస్తే వెళ్లిన అరేయొపగులో. ఎఫెసులో అల్లరి లేచినప్పుడు పౌలు మనుషులు గుడి దోచినవారూ కాదు, మా దేవతను దూషించినవారూ కాదు అని ఆ పట్టణపు కరణమే జనానికి చెప్పాడు (అపొ.కా. 19:37). మైకు పట్టుకుని పక్కింటివాళ్ల దేవుళ్లను ఎగతాళి చేసి, దాన్ని ఫోన్లో పెట్టి వెయ్యిమందికి పంపే బోధకుల గురించి మన ఊరి పంచాయతీ కార్యదర్శి అలా చెప్పగలడా?

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మైకు కాదు, మౌనం. తంబళ్లపల్లె చుట్టుపక్కల కాయ కోతకు వెళ్లే మన అక్కచెల్లెళ్లు గొడవలకు జడిసి, తోటి కూలీ 'నీకింత ధైర్యం ఎలా వచ్చింది, మీ ఆయన పోయిన ఏడాదికే పిల్లల్ని నిలబెట్టుకున్నావే' అని అడిగినా నవ్వి ఊరుకుంటున్నారు. గెరాసేనుల దేశంలో బాగుపడినవాడు తన వెంట వస్తానంటే ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లి నీవారికి చెప్పు అన్నాడు. ఏ చట్టమూ నిషేధించని, ఏ చందా అవసరం లేని పని అది. అడిగినవారికి మన నిరీక్షణ గురించి సాత్వికంతో జవాబివ్వమని పేతురు రాసింది ఇలాంటి సందర్భానికే.

విన్నవాడు బాప్తిస్మం కోరితే తొందర పడవలసిన అవసరం లేదు. ఏడాదిపాటు నేర్పండి. ఇంట్లోవారితో మాట్లాడమనండి. కోరిక తనదేనని తన చేత్తో రాసిమ్మనండి, రాయడం రాకపోతే ఇద్దరు పెద్దల ఎదుట చెప్పించి రిజిస్టరులో నమోదు చేయండి. వద్దనుకుని మధ్యలో వెళ్లిపోతే వెళ్లనివ్వండి. అతని పొలానికి నీళ్లు ఆగిన రోజున, అతని బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి, అంతకుముందు వెళ్లినట్లే వెళ్లండి.