రమ్ములో నిమ్మకాయ సరే, కొలత ఏదీ?

యానాం నుంచి ఏ ఊరు పెళ్లికి వెళ్లినా పలకరింపు తర్వాత వినిపించే రెండో మాట ఒకటే. "ఏంటి బావా, ఉత్తి చేతుల్తో వచ్చేశావా?" గౌతమి గట్టు గురించి ఎవరూ అడగరు. ఫ్రెంచివారి నాటి చర్చి గురించి అడగరు. చుట్టూ ఆంధ్రా ఉండి, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి పాలనలో నడుస్తున్న ఈ 30 చదరపు కిలోమీటర్ల ఊరికి సీసా ఒక్కటే చిరునామా అయిపోయింది.

ఇది ఇవాళ్టి పేరు కాదు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రాలో మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని సడలించారు. 2019 తర్వాత అక్కడ రేట్లు మళ్లీ పెరిగాయి. 2024 అక్టోబరులో కొత్త విధానంతో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి. అవతల గాలి మారినప్పుడల్లా ఇవతల గిరాకీ మారుతూ వచ్చింది. మారనిది మాత్రం ఒకటుంది, అది మనవాళ్లు తాగే పద్ధతి. కారు డోరు తెరిచి పెట్టుకుని, ప్లాస్టిక్ గ్లాసులో సగానికి రమ్ము వంచి, పైన కూల్‌డ్రింకు పోసి, రెండు గుక్కల్లో ఖాళీ చేసి, ఎదుర్లంక వంతెన మీదో కాకినాడ రోడ్డు మీదో బండి తిప్పేయడం. హోసూరు వాళ్లకు టాస్మాక్ దగ్గర, బళ్లారి వాళ్లకు వైన్ షాపు దగ్గర ఇదే దృశ్యం తెలుసు.

తాగడం మంచిదని చెప్పడానికి ఈ నాలుగు ముక్కలు రాయడం లేదు. అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి సురక్షితం అనే హద్దంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. అయితే తాగేవాళ్లు ఉన్నారు, రేపూ ఉంటారు. వాళ్లు రోడ్డు పక్కన గటగటా మింగడం కంటే, ఇంట్లో కూర్చుని కొలిచి కలుపుకుని నిదానంగా తాగడం మేలు. అందుకు రమ్ము, నిమ్మరసం, సోడా కలిపిన పొడుగు గ్లాసును మించిన దారి లేదని నా అభిప్రాయం. దీన్నే బార్లలో హైబాల్ అంటారు. తక్కువ మందు, ఎక్కువ సోడా, నిండా ఐసు. అంతకు మించి రహస్యం లేదు.

నాలుగు వంతుల నీళ్లు

ఇదేదో స్టార్ హోటళ్ల ఫ్యాషన్ అనుకుంటే పొరపాటు. చెరకు రసం పంచదార అయ్యాక మిగిలే నల్లటి మడ్డి నుంచి పుట్టేది రమ్ము. ఆ చెరకుతో మన తీరానికి చుట్టరికం ఉంది. 19వ శతాబ్దంలో యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి ఎందరో తెలుగువాళ్లు మారిషస్ చెరకు తోటలకు కూలికి ఓడెక్కారు. అక్కడ తెలుగువాళ్లకు కోరంగివాళ్లనే పేరు స్థిరపడింది.

రమ్ములో నీళ్లు, నిమ్మకాయ కలపడం వెనక ఉన్న కథ మనకు ఇంకా పనికొస్తుంది. ఇంగ్లీషు నౌకాదళంలో నావికులకు రోజూ రమ్ము పంచేవారు. పచ్చిది పచ్చిగానే తాగి ఓడ మీద పడిపోతుంటే, 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఒక ఉత్తర్వు వేశాడు. ఒక వంతు రమ్ముకు నాలుగు వంతులు నీళ్లు కలపాలి, అదీ ఒకేసారి కాకుండా రోజుకు రెండు విడతలుగా ఇవ్వాలి. పొదుపుగా ఉండేవాళ్లు నిమ్మకాయలు, పంచదార కొనుక్కుని అందులో కలుపుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఓడలో రమ్ము పంచే ఆ ఆచారం 1970 జులై 31తో ఆగిపోయింది.

గమనించండి, నీళ్లూ నిమ్మకాయా వచ్చింది రుచి కోసం మాత్రమే కాదు, మనిషి నిలబడి పని చేసుకోవడానికి. మనం నిమ్మకాయను తీసుకున్నాం, నాలుగు వంతుల లెక్కను వదిలేశాం.

ఇంట్లో కలిపే తీరు

ముందు కొలత. పెగ్ మెజర్ లేకపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల కప్పు చాలు, కడిగి దాచుకోండి. ఒక గ్లాసుకు 30 మిల్లీలీటర్ల రమ్ము, అంటే చిన్న పెగ్గు. నిమ్మరసం 15 మిల్లీలీటర్లు, మన నిమ్మకాయ ఒకటి పిండితే దాదాపు అంత వస్తుంది. పంచదార పాకం 10 మిల్లీలీటర్లు. సోడా 120 మిల్లీలీటర్లు. రమ్ముకు సోడా సరిగ్గా నాలుగింతలు, వెర్నన్ లెక్కే.

పాకానికి పొయ్యి వెలిగించక్కర్లేదు. పంచదార, వేడి నీళ్లు సమానంగా తీసుకుని కరిగేదాకా కలిపి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పంచదార నేరుగా గ్లాసులో వేస్తే చల్లటి సోడాలో కరగదు, అడుగున మిగిలిపోతుంది. చివరి గుక్క పానకం, మొదటి గుక్క పులుపు అవుతుంది.

సోడాను రెండు మూడు గంటల ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి నీళ్లలోనే గ్యాసు నిలుస్తుంది. వెచ్చటి సోడాను ఐసు మీద పోస్తే బుస్సుమని పొంగి పోతుంది, తర్వాత మిగిలేది చప్పటి నీళ్లే. ఐసు విషయంలో పిసినారితనం వద్దు. రెండు ముక్కలు వేస్తే అవి గబగబా కరిగి నీళ్లవుతాయి. గ్లాసు నిండా వేస్తే ఒకదాన్నొకటి చల్లగా ఉంచుకుని నెమ్మదిగా కరుగుతాయి. ఐసు కాచి చల్లార్చిన నీళ్లతోనో ఫిల్టరు నీళ్లతోనో చేసిందే వాడండి. చేపల పెట్టెల్లో వేసే ఐసు తాగడానికి కాదు.

నిమ్మకాయను పిండే ముందు అరచేతి కింద బల్ల మీద ఒకసారి దొర్లించండి, రసం బాగా దిగుతుంది. కసిగా చెక్కలు నలిగేదాకా పిండితే తెల్ల పొరలోని చేదు దిగుతుంది. రసం అప్పటికప్పుడు తీసిందే కావాలి. పొద్దున పిండిన రసం సాయంత్రానికి వాసన మారుతుంది.

ఇక పొడుగు గాజు గ్లాసులో రమ్ము, నిమ్మరసం, పాకం పోసి స్పూనుతో బాగా కలపండి. నిండా ఐసు వేయండి. సోడాను గ్లాసు అంచు వెంట నెమ్మదిగా దించండి. ఒక్కసారి కిందనుంచి పైకి కదిపితే చాలు, మజ్జిగ చిలికినట్టు చిలికితే గ్యాసంతా పోతుంది. చివరగా పచ్చటి నిమ్మతొక్క చిన్న ముక్క కోసి గ్లాసు మీద రెండు వేళ్లతో నొక్కండి. తొక్కలోని నూనె పైన చిమ్మి, తాగేముందే వాసన తగులుతుంది. ఇష్టమైతే చిటికెడు ఉప్పు. గోలీ సోడా బండి దగ్గర పెరిగిన నాలుకలకు అది తప్పక నచ్చుతుంది.

నిమ్మకాయ ఒక్కటే దిక్కని కాదు. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు నాగపూర్ కమలా ఉంది. విజయపుర వైపు వాళ్లకు ఇండి నిమ్మ ఉంది. అనంతపురం చీనీ, అదే మన బత్తాయి, బళ్లారికి ఎంత దూరం? కమలా, బత్తాయి తియ్యన కాబట్టి వాటి రసం 30 మిల్లీలీటర్లు పోసి, పాకం మానేసి, పులుపు కోసం నాలుగు చుక్కల నిమ్మరసం కలిపితే సరిపోతుంది. గోదావరి లంకల పంపర పనస తొనలు నలిపి వేసుకున్నా బాగుంటుంది. ఏ ఊరి పండు ఆ ఊరి గ్లాసులో ఉండాలి. కూల్‌డ్రింకు అయితే అన్ని ఊళ్లలో ఒకటే రుచి. పైగా కోలాలో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల దాకా పంచదార ఉంటుంది. పైన చెప్పిన పాకంలో ఉండేది గ్లాసు మొత్తానికి ఆరు గ్రాములే.

రుచి దాచిపెట్టే సంగతి

ఇక్కడే జాగ్రత్త పడాలి. నిమ్మరసం, తీపి, చల్లదనం కలిస్తే రమ్ము ఘాటు నాలుకకు తెలియదు. ఘాటు పోయినంత మాత్రాన మత్తు పోలేదు. మన దగ్గర అమ్మే రమ్ము మామూలుగా 42.8 శాతం. 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. కలిపిన గ్లాసు మొత్తం మీద చూస్తే ఏడు శాతం పైచిలుకు, అంటే స్ట్రాంగ్ బీరు దరిదాపుల్లో. అదే గ్లాసులో చెయ్యి జారి 60 పోస్తే పన్నెండు శాతం దాటి వైను బలానికి చేరుతుంది. రుచిలో తేడా మాత్రం అంతగా తెలియదు. కంటి కొలత వద్దని పట్టుబట్టేది అందుకే.

"నిమ్మకాయ ఉందిగా, ఎక్కదులే" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నిమ్మరసం మత్తును దించదు. మజ్జిగ దించదు. తలమీద నీళ్లు పోసుకున్నా దించదు. ఎక్కినదాన్ని దించేది కాలేయం, అది తన వేగంతోనే పని చేస్తుంది. ఒక చిన్న పెగ్గుకు గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. సోడా గ్యాసు వల్ల కొందరికి ఇంకా త్వరగా ఎక్కుతుంది కూడా. ఖాళీ కడుపున తాగొద్దు, ముందు నాలుగు ముద్దలు తినండి. షుగరు మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, కాలేయం బాగాలేనివాళ్లు, గర్భిణులు అసలు ముట్టొద్దు.

మర్యాద పేరుతో బలవంతం

మన ఇళ్లలో ఒక జాడ్యం ఉంది. అన్నం దగ్గర "ఇంకొక్క ముద్ద" అన్నట్టే మందు దగ్గరా "ఇంకొక్కటి బావా, నా మీద ఒట్టు" అంటాం. ముద్ద ఎక్కువైతే కడుపు బరువెక్కుతుంది, అంతే. పెగ్గు ఎక్కువైతే ఇంటికి చేరతాడో లేదో తెలియదు. ఒద్దన్నవాడి గ్లాసులో పోయడం ఆతిథ్యం కాదు. ఒక్కటి, మహా అయితే రెండు, అదీ గంట ఎడంతో. తర్వాత సీసా బీరువాలోకి పోవాలి, పిల్లల చేతికి అందనంత ఎత్తుకు.

ఈ పానీయంలో నాకు నచ్చిన గుణం ఇంకోటుంది. రమ్ము తీసేసినా గ్లాసు గ్లాసులాగే ఉంటుంది. అదే నిమ్మరసం, అదే పాకం, అదే సోడా, అదే తొక్క. తాగనివాళ్లకు, ఇంట్లో ఆడవాళ్లకు, బండి నడపాల్సినవాడికి అదే గ్లాసు అందివ్వండి. ఎవరి గ్లాసులో ఏముందో ఎవరికీ తెలియక్కర్లేదు. "తాగవా? మగాడివేనా?" అనే ఎకసెక్కానికి తావే ఉండదు.

బండి సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితేనే ఆరు నెలల దాకా జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆంధ్రాలో పన్ను కట్టని సీసాను యానాం హద్దు దాటించడం ఇంకో నేరం. అతిథి తాగితే రాత్రికి చాప పరవండి, లేదా తాగనివాడి చేతికి తాళాలివ్వండి.

కూలి డబ్బు షాపు గడపలోనే అయిపోయే ఇళ్లకు ఈ నిమ్మకాయ కబుర్లు పనికిరావని నాకు తెలుసు. అలాంటి ఇళ్ల ఆడవాళ్లే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద తిరగబడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనది. మానలేని స్థితికి వచ్చినవాడికి కావలసింది కొలత కాదు, డాక్టరు.

మిగిలినవాళ్లకు మాత్రం కొలత అందుబాటులోనే ఉంది. షాపులెన్ని ఉండాలో, రేటెంత ఉండాలో పుదుచ్చేరిలోనో అమరావతిలోనో తేలుస్తారు, మనల్ని అడగరు. మన ఇంటికొచ్చిన మనిషి గ్లాసులో ఎంత పోయాలన్నది మాత్రం మన చేతిలో పని. అక్కడ ముప్పై దగ్గర చెయ్యి ఆగితే, సీసాల ఊరన్న పేరు పోవడానికి టైము పట్టినా, వచ్చిన చుట్టం క్షేమంగా ఇల్లు చేరతాడు.