మన పొయ్యి మనమే మోసుకెళ్దాం



చలికాలంలో లంబసింగి వైపు కొండ గ్రామాలకు సువార్తకు నడిచి వెళ్లేటప్పుడు మేము సంచిలో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకుంటాం. డబ్బా మీద బిగించే ఆ పొయ్యి అరచేతిలో ఇముడుతుంది.

"ఊళ్లో కట్టెలుండగా ఇదెందుకు?" అని కొందరు అడిగారు. ఆ కట్టెలు ఎవరు తెచ్చారు? ఆ ఇంటి అక్క కొండెక్కి, మోపు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. పదిమందిమి వెళ్లి టీ, అన్నం అంటే ఆమె కష్టమంతా ఒక్క పూటలో బూడిదవుతుంది. పౌలు భక్తుడు థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డాడు (1 థెస్స. 2:9). మనం ఒక డబ్బా మోయలేమా?

చలికి బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు, మంట నీరసిస్తుంది. అందుకే రాత్రి పొయ్యి విప్పేసి, డబ్బాను దుప్పటిలో ఉంచుకుంటాం. గుడారం లోపల మాత్రం వెలిగించం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఖాళీ డబ్బాను కొండమీద పారేయకుండా వెనక్కి తెస్తాం.

అయితే ఒక మాట. మన పొయ్యి ఉంది కదా అని వారి పొయ్యి దగ్గర కూర్చోకపోతే అది గర్వమే. తిబెరియ సముద్రతీరాన ప్రభువు దగ్గర నిప్పులూ చేపా రొట్టే సిద్ధంగానే ఉన్నాయి. అయినా శిష్యులు పట్టిన చేపల్లో కొన్ని తెమ్మన్నాడు (యోహాను 21:9-10). వారి చేతి కష్టాన్ని ఆయన కాదనలేదు.

ఆ అక్క చోడి అంబలి ఇస్తే, మన మంట ఆర్పి ఆమె పొయ్యి దగ్గరే కూర్చుని త్రాగుదాం.

ప్రభువు మనకు అట్టి మనసు దయచేయును గాక. ఆమేన్.