చీటీల సంచియు యంత్రపు చిట్టాయు



గతమాసమున ఇంటిఖర్చుల పద్దుపుస్తకమును గూర్చి మేము వ్రాసినది చదివి, పలువురు సోదరీమణులు తమ తమ పద్ధతులను మాకు తెలిపిరి. వారికి మా కృతజ్ఞతలు. ఈ మాసమునను పద్దులను గూర్చియే వ్రాయుచున్నాము. కాని యీ పద్దులు బియ్యము పప్పులవి కావు, మనుష్యులవి. విషయము మొదట వింతగా తోచినను, తుదివరకు చదివినచో మన యింటికిని దానికిని గల సంబంధము మీకే బోధపడగలదు.

మా పినతల్లి కొమార్తె యొకతె అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగర సమీపమున చాలకాలముగా కాపురముండి అచ్చటి పౌరసత్వమును పొందినది. పిల్లలు పెద్దవారగుటచే తీరిక చిక్కి, తాను కూడబెట్టుకొన్న సొమ్ముతో ఇండ్ల బేరముల వ్యాపారము నొకదానిని ఆరంభించినది. దానిని అచ్చట ‘హోల్‌సేలింగు’ అందురు. పేరు విని, ఇండ్లను టోకున కొని యమ్ముట కాబోలునని మేము భ్రమపడితిమి. అది కాదు. శిథిలమైన యిల్లు గలవారిని, అప్పులచేతనో వారసత్వపు చిక్కులచేతనో త్వరగా అమ్మదలచినవారిని వెదకి, ఇంత వెలకు కొందునని ఒప్పందము వ్రాసికొని, ఆ ఒప్పందపు హక్కును రొక్కమిచ్చి కొనగల వేరొకరికి బదలాయించి, నడుమ కొంత ప్రతిఫలము పొందుట యీ వ్యాపారము. ఇల్లు ఈమె పేర నెక్కనే యెక్కదు.

దీని లెక్క యెట్లుండునో చూడుడు. మరమ్మతులైన పిదప 3,00,000 డాలర్లు పలుకగల యిల్లు ఉన్నదనుకొందము. అందు నూటికి 70 వంతున 2,10,000. మరమ్మతులకు 40,000 తీసివేయగా 1,70,000. తన ప్రతిఫలము 10,000 తీసివేయగా, ఇంటివారికి 1,60,000 డాలర్లకంటె హెచ్చుగా ఇయ్యజాలదు. ఇది ఆ వ్యాపారులలో వాడుకయందున్న లెక్కయే గాని శాసనము కాదు. ఇల్లమ్మువారు తొందరకు గాను ఎంత సొమ్ము వదలుకొనుచున్నారో దీనివలన తెలియుచున్నది. కావున ఈ వ్యాపారమున నోటిమాట మంచిదిగాను, పద్దు శుద్ధముగాను ఉండుట ఇతర వ్యాపారములకంటె ఎక్కువ యవసరము.

మా చెల్లెలు మొదటి ఆరు మాసములు సమస్తమును కాగితపు చీటీలమీదను, సెల్‌ఫోనులోను, కొంత తన జ్ఞాపకముననే యుంచుకొనెను. చీటీలన్నియు ఒక గుడ్డసంచిలో నుండెడివి. ఒకనాటి రాత్రి ఫోను చేసి యేడ్చినది. ఏమని యడుగగా రెండు సంగతులు చెప్పినది.

మొదటిది సొమ్ము సంగతి. టెక్సాసు ఒప్పందములలో కొంత రుసుము చెల్లించినచో, నిర్ణీతమైన కొన్ని దినములలో కారణము చెప్పకయే విరమించుకొను హక్కు కొనువారికి లభించును. ఆ గడువు తేది వ్రాసిన చీటీ సంచి యడుగున పడిపోయెను. గడువు దాటెను, కొనువారు దొరకరైరి, బయానాగా కట్టిన 2,000 డాలర్లు పోయినవి.

రెండవది సొమ్ముకంటె పెద్దది. ఫోర్టువర్తు నగరమున ఒక వృద్ధురాలికి ఈమె ఫోను చేయగా, ఆమె “నా భర్త పోయి పదిదినములైనది. ఒక నెల గడచువరకు నన్ను పిలువకుడు” అని చెప్పినదట. ఆ మాట చీటీమీద వ్రాసికొన్నది. కాని ఈమె జీతమిచ్చి పెట్టుకొన్న పిలుపుల కుఱ్ఱవానికి ఆ చీటీ సంగతి తెలియదు. వాడు ఆ వారముననే మూడు పర్యాయములు పిలిచి, “ఇల్లు అమ్ముదురా?” అని అడిగెను. మూడవసారి ఆ వృద్ధురాలు ఈమెకే ఫోను చేసి, “అమ్మా, మీ యింట నెవ్వరును చనిపోలేదా?” అని యొక్క ప్రశ్న వేసి పెట్టివేసినదట. “అక్కా, రెండువేల డాలర్లు మరల సంపాదింపగలను, ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేదు” అని మా చెల్లెలు వాపోయినది.

ఆ మరునాడు ఈమె వెదకినది, బేరగాండ్ర వివరములను భద్రపరచు సాఫ్టువేరు. దానిని సీ.ఆర్.ఎం. అందురు. ఎవరెవరితో ఏ తేదిని ఏమి మాటలాడితిమి, మరల ఎప్పుడు మాటలాడవలెను, బేరము ఏ మెట్టునందున్నది అను సంగతులను ఒక్కచోట నుంచి, సమయమునకు గుర్తుచేయుట దాని పని. అమ్మువారు అనేకులు, ఒక్కొక్కరు ఒక్కొక్క కష్టమున నున్నవారు. అట్టి వ్యాపారమునకు ఇది యవసరమే. కాని అంగడిలో నిట్టివి లెక్కకు మిక్కిలిగా నున్నవి.

తొందరలో మా చెల్లెలు ఒక సంస్థవారి మాటలు నమ్మి, సంవత్సరపు చందా ఒక్కమారే కట్టినది. రెండు మాసములకు అది తన పనికి ఒదుగదని తెలిసెను. మానుకొని తన వివరములు తనకిమ్మని యడుగగా, పేర్లును ఫోను నంబర్లును మాత్రమే వచ్చినవి. సంభాషణల వివరము లొక్కటియు రాలేదు. చందాసొమ్మును తిరిగి రాలేదు. పుట్టింట పెట్టిన పెట్టె తాళము పరులచేతిలో నున్నట్లయినది.

అప్పుడు మమ్ము సలహా యడిగినది. మాకు వ్యాపారము తెలియదు. మా వారు ఉపాధ్యాయులు. మేము చిన్ననాట మా తండ్రిగారి యొద్ద కావ్యములు చదువుకొన్న దానము. అయినను ఇల్లు నడపుటలో లెక్క తెలిసినది గదా యని, నాలుగు ఆదివారములు వీడియోలో ఎదురెదురుగా కూర్చుండి ఆలోచించితిమి. మేము చెప్పిన మొదటిమాట యిది: “పాత్ర కొనుటకు ముందు వండవలసినదేమో తెలిసికొనుము.” సాఫ్టువేరులను చూచుట మాని, ఒక తెల్లకాగితముమీద ఒక బేరము మొదటినుండి తుదివరకు నడచు దారిని వ్రాయుమంటిమి. క్రొత్తపేరు, మొదటి సంభాషణ, ఇల్లు చూచుట, వెల చెప్పుట, ఒప్పందము, కొనువానిని వెదకుట, బదలాయింపు, ముగింపు: ఎనిమిది మెట్లు తేలినవి. ఆ యెనిమిదింటికంటె హెచ్చు హంగులు ప్రస్తుత మక్కరలేదని ఆమెకే తోచినది.

తరువాత ఏ సాఫ్టువేరునైనను అడుగవలసిన ప్రశ్నలను ఏర్పరచితిమి. మొదటిది: ఇల్లమ్మువారి పట్టికయు, రొక్కముతో కొనువారి పట్టికయు వేర్వేరుగా నుండి, అవసరమైనపుడు ఒకదానికొకటి ముడిపడునా? రెండవది: గడువు తేదులు తమంతట తామే గుర్తుచేయునా? మూడవది: ‘పిలువవలదు’ అని యొకసారి గుర్తుపెట్టినచో, ఆ గుర్తు పిలుపుల కుఱ్ఱవానికిని కనబడి, ఆ నంబరునకు పిలుపును సందేశమును పోకుండ ఆపునా? నాలుగవది: ఈ పేరు ఎచ్చటనుండి వచ్చినదో, ఉత్తరమువలననో, ఫోనువలననో, వీధులు తిరుగుటవలననో, వ్రాయుటకు చోటున్నదా? ఏ ఖర్చు ఫలించినదో లేనిచో తెలియదు. ఐదవది: నేడు మానుకొందునన్నచో, వ్రాసినదంతయు, సంభాషణలతో సహా, నా చేతికి వచ్చునా?

ఈ మూడవ ప్రశ్న మర్యాదకే కాదు, చట్టమునకును సంబంధించినది. ఆ దేశమున టెలిఫోను పిలుపులను గూర్చి 1991లో నొక చట్టము చేసిరి. పిలుపులు వలదనువారు తమ నంబరు నమోదు చేసికొనుటకు 2003లో జాతీయపట్టికను నెలకొల్పిరి. ఫోనుమూలమున అమ్మకములు చేయువారు 31 దినముల కొకమారైనను ఆ పట్టికతో తమ జాబితాను సరిచూచుకొనవలెను. ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 9 గంటల తరువాతను పిలువరాదు. చట్టము క్రింద వ్యాజ్యము పడినచో ఒక్కొక్క పిలుపునకు 500 డాలర్లవరకు, తెలిసి చేసినచో 1,500 డాలర్లవరకు చెల్లింపవలసి రావచ్చును. ఇల్లు కొందుమని పిలుచుట ఆ నిబంధనల క్రిందికి వచ్చునా రాదా యని న్యాయస్థానములలో వాదములు జరిగినవి. వాదమున గెలుచుటకంటె వాదమునకు దూరముగ నుండుట మేలని మా యభిప్రాయము.

ఒప్పందముల విషయమునను రాష్ట్రమున కొక ధర్మము. టెక్సాసులో 2017 నాటి సవరణ ననుసరించి, తాను అమ్ముచున్నది ఇల్లు కాదు, ఒప్పందపు హక్కు మాత్రమే యని కొనువారికి స్పష్టముగ తెలుపవలెను. ఇల్లినాయిసులో 2019 నాటి సవరణతో, పన్నెండు మాసములలో ఒకటికంటె హెచ్చు బేరములు చేయువారికి లైసెన్సు అవసరమైనది. ఓక్లహామాలో 2021లో ప్రత్యేక చట్టమే వచ్చినది. కావున ఏ కాగితము ఎవరికి ఏ దినమున చూపితిమో ఆ బేరపు పద్దులోనే భద్రపరచుట మంచిదని చెప్పితిమి.

ఇక పేర్ల సంగతి. 1999లో స్థాపితమైన సేల్స్‌ఫోర్సు పెద్ద సంస్థలకు తగినది. ఇద్దరు పనిచేయు చోట అది పెండ్లిగుండిగలో కాఫీ కాచినట్లుండును. హబ్‌స్పాటు వారికి ఉచితముగ వాడుకొను భాగము కలదు. చెన్నపట్టణమున వేళ్లూనిన జోహో వారి సీ.ఆర్.ఎం.ను ముగ్గురి వరకు ఉచితముగ వాడవచ్చును. పోడియో అనునది డెన్మార్కున పుట్టి, 2012లో సిట్రిక్సు వారిచే కొనబడినది. దానిని ఇండ్ల బేరగాండ్రు చాలమంది తమ కనువుగా మలచుకొనిరి, కాని మలచుటకు ఓపిక కావలెను. రీసింప్లి వంటివి ఈ వ్యాపారమునకే తయారైనవి. అన్నియు సిద్ధముగ నుండును, నెలనెలా చందా యిచ్చుకొనవలెను.

ఏది కొనవలెనన్న ప్రశ్నకు మేము ప్రత్యుత్తర మియ్యలేదు. పరీక్ష యొక్కటి చెప్పితిమి. సంచిలోని పది చీటీలను తీసి, రెండు సాఫ్టువేరులలో ఆ పదింటినే వ్రాసి, పదునాలుగు దినములు వాడుము. పిలుపుల కుఱ్ఱవానిచేత వాడింపుము. పిదప అన్నిటిని వెలికి తీసి చూడుము. నెలచందా కట్టుము గాని సంవత్సరపు చందా కట్టకుము. ఆమె యట్లే చేసి, ముగ్గురి వరకు ఉచితమైన దానితో ఆరంభించెను. బేరములు పెరిగినపుడు మార్చుకొనవచ్చును. వివరములు చేతిలో నున్నవి గదా!

ఆ పది చీటీలలో ఆ వృద్ధురాలి చీటీయు నొకటి. దానిని వ్రాయుచు మా చెల్లెలు చేయి ఆగినదట. ‘పిలువవలదు’ అని గుర్తుపెట్టి, తన చేతివ్రాతతో క్షమాపణ కోరుచు ఉత్తరము వ్రాసెను. అందు ఇల్లమ్ముమని యడుగలేదు. మాసము గడచిన పిమ్మట ఆ వృద్ధురాలే ఫోను చేసినది. ఇల్లు చూడగా చక్కగా నున్నది, అప్పును లేదు. తన లెక్కప్రకారము కొన్నచో ఆమెకు చాల నష్టము. “తొందరలేనిచో లైసెన్సుగల బ్రోకరుచేత అమ్మించుకొనుడు” అని మా చెల్లెలు చెప్పి వచ్చినది. ఆ బేరమున తనకు చిల్లిగవ్వయు రాలేదు. ఆనాటినుండి తన పద్దులలో ప్రతి పేరునకు ఎదురుగా ఒక గడి చేర్చుకొన్నది: ‘వీరికి ఏది మేలు?’ ఆ గడి ఏ సంస్థవారును అమ్మినది కాదు.

చిత్రగుప్తుని చిట్టాలో పద్దు తప్పదందురు. కాని తీర్పు చెప్పువాడు ధర్మరాజే గాని చిట్టా కాదు. యంత్రము మఱపును పోగొట్టును, మనసును తెచ్చిపెట్టదు.

సోదరీమణులారా, మనకు ఇండ్ల బేరములు లేకపోవచ్చును. కాని పొరుగింట నెవరు దుఃఖమున నున్నారో, ఎవరికి ఏ మాట యిచ్చితిమో, పాలవాని కెంత బాకీయో మన యందరికిని చీటీల సంచులు కలవు. ఈ మాసము మీ సంచిని ఒకసారి దులిపి చూడుడు. అడుగున నిలిచిపోయిన మాట యొకటి తప్పక దొరకును. దొరికినచో మాకును వ్రాయుడు.